క్యాండీమ్యాన్: దయ్యం ఎవరు?

1992 నాటి 'క్యాండీమ్యాన్' గుర్తుందా మిత్రులారా? తెల్లమ్మాయిని ప్రేమించిన నల్ల చిత్రకారుడి చెయ్యి కోసి, తేనె పూసి, తేనెటీగలకు వదిలి చంపుతుంది గుంపు. దయ్యమయ్యేది మాత్రం అతనే! అద్దం ముందు పేరు ఐదుసార్లు పలికితే వస్తాడు. పైగా చికాగోలోని కాబ్రినీ-గ్రీన్ పేదల ఇళ్లను మనం చూసేది పరిశోధనకొచ్చిన తెల్ల విద్యార్థిని కళ్లతో. (నోట్‌బుక్కుతో వాడలకొచ్చే పీహెచ్‌డీలు మనకు కొత్తేం కాదు, నాకూ ఆ డిగ్రీ ఉంది.)

1995 సీక్వెల్ ఆ హత్యను పూర్తిగా చూపించింది, అయినా అతను అదే దయ్యం. 1999ది వదిలేద్దాం. 2021లో నల్లజాతి దర్శకురాలు నియా డకోస్టా లెక్క మార్చింది. క్యాండీమ్యాన్ ఒక్కడు కాదు, గుంపులూ పోలీసులూ చంపిన ఎందరో నల్లవాళ్లు. నా దృష్టిలో అసలు సీక్వెల్ ఇదొక్కటే. చివర్లో పోలీసు కారులో బందీగా ఉన్న నల్ల యువతి అద్దంలోకి చూసి ఆ పేరు ఐదుసార్లు పలుకుతుంది. ఈసారి చచ్చేది యూనిఫాంలో ఉన్నవాళ్లు.