పరదేశపు పురుగు, ప్రభుత్వ బాధ్యత

పాములపాడు మండలమునందలి బానకచెర్ల కడ కృష్ణాజలము ఏ కాలువకు ఎంత విడువవలెనో నిర్ణయించుటకు తలుపులును, వానిని కాచుకొనియుండు ఇంజనీర్లును కలరు. ఆ నీటితో పెరిగిన పంటపై దేశాంతరమునుండి వచ్చిపడు పురుగును ఆపుటకు మాత్రము అంతటి దృఢమైన కావలి లేదు. ఆ లోపమును పూరించు భారము నంతయు రైతు భుజముపైని పిచికారి డబ్బాపై మోపుట న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఆగ్నేయాసియా ప్రాంతపుదగు నల్ల తామరపురుగు మన దేశమున మొదట 2015లో బెంగళూరునందు బొప్పాయిపై గుర్తింపబడినది. పండ్లతోటలో కనబడిన ఆ హెచ్చరికను దేశము తగినంత శ్రద్ధతో వినలేదు. 2021లో అదియే గుంటూరు, ఖమ్మము, వరంగల్లు సీమలయందును, నంద్యాల నాటికింకను అంతర్భాగమైయుండిన కర్నూలు జిల్లాయందును మిరపతోటలపై విరుచుకొనిపడి, పూవులలో దాగి రసము పీల్చి, కాయ కట్టకమునుపే పూత నంతయు రాల్చివేసినది. మందు వెంట మందు కొట్టి అప్పులపాలైన రైతులెందరో తుదకు తోటలనే దున్నివేసిరి. విచక్షణ లేని మందులవలన పురుగు చావకపోగా, దానిని తినుచుండిన మిత్రకీటకములు నశించినవి.

ఇందుకు భిన్నమైన మార్గము మన దేశముననే కలదు. మెక్సికో, మధ్య అమెరికాలకు చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు కడ బయలుపడి, బొప్పాయిని మాత్రమే కాక మల్బరీని, కర్రపెండలమును సైతము పీడించి, మైనపు పొడి క్రింద దాగియుండుటచే మందులకు లొంగక, పట్టుపరిశ్రమను గడగడలాడించినది. అంతట బెంగళూరునందలి జాతీయ కీటక పరిశోధనా సంస్థవారు 2010లో ప్యూర్టోరికోనుండి, ఆ పిండినల్లి శరీరముననే గ్రుడ్లు పెట్టి పెరుగు చిన్న పరాన్నభుక్కులను తెప్పించి, పరీక్షించి, పెంచి, తోటలలో విడువగా, కొలదిమాసములలోనే పిండినల్లి అణగినది. ఒక్కొక్క రైతు విడివిడిగా సాధింపజాలని కార్యమును శాస్త్రజ్ఞులును ప్రభుత్వమును కలిసి సాధించిరి.

హానికర కీటకములను అరికట్టుటకైన 1914నాటి చట్టమును, 2003నాటి మొక్కల నిర్బంధ ఉత్తర్వును మన చేతనుండగా, ఓడరేవులందును విమానాశ్రయములందును దిగు మొక్కల పరీక్ష కఠినము కావలెను. నర్సరీలనుండి వెడలు ప్రతి నారును తనిఖీ చేయవలెను. క్రొత్త పురుగు ఒక పంటపై కనబడిననాడే దాని శత్రుకీటకములకై అన్వేషణ ఆరంభము కావలెను. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమువంటి సంస్థల హెచ్చరిక పల్లెపల్లెకు తత్క్షణమే చేరవలెను. రైతులును తెలియని చోట కొన్న నారును నాటక, నీలిరంగు జిగురు అట్టలు కట్టి, పురుగు కనబడినవెంటనే వ్యవసాయాధికారికి తెలుపవలెను.

రెక్కలున్న పురుగు ఒకని గట్టు దగ్గర ఆగదు. కావున దానిని ఎదుర్కొను పనియు ఒకనిది కాదు. తరువాతి పంట పూతకు రాకముందే ఈ పనికి పూనుకొనవలసినదిగా ప్రభుత్వమును వేడుచున్నాను.