చిరునామా మారితే నేరమా?

రాస్ప్‌బెర్రీ పై ఇంటి వైఫైలో దొరకడం లేదంటే చాలు, "దానికో స్థిర చిరునామా రాసిపారెయ్" అన్న ఉచిత సలహా సిద్ధం. ఆ సలహాతోనే నా పేచీ.

నిన్న 192.168.1.7గా ఉన్న యంత్రం నేడు 192.168.1.12 కావడం జబ్బు కాదు. రూటరు చిరునామాలను గడువు పెట్టి అద్దెకిస్తుంది, దానం చెయ్యదు. దానికి తెలియకుండా మనం చెక్కుకున్న అంకెనే అది రేపు మరో ఫోనుకు ఇవ్వవచ్చు. ఒకే ఇంట్లో రెండు కాపురాలు!

పైగా ఆ సలహా దిద్దమనే డీహెచ్‌సీపీసీడీ దస్త్రం 2023లో బుక్‌వర్మ్ రాకతో మూలపడింది. పగ్గాలు నెట్‌వర్క్ మేనేజరు చేతికి వెళ్లాయి. ఎవరూ చదవని ఆ దస్త్రాన్ని దిద్దుతూ నేనొక రాత్రంతా జాగారం చేశాను. తేదీ వేయని సలహా గడువు తీరిన మందు.

169.254తో మొదలయ్యే అంకె కనిపిస్తే రోగం వేరు: చిరునామా అడిగితే జవాబే రాలేదన్నమాట. ముందు ఆ మౌనానికి కారణం వెతకాలి.

చేయవలసింది స్వల్పం. రూటరులోనే పై మ్యాక్ చిరునామాకు ఒక అంకెను కేటాయించండి. వైఫైకీ తీగకీ మ్యాక్ వేరని మరవకండి. లేదా అంకెలు మాని, పేరు మార్చి ఉండకపోతే, రాస్ప్‌బెర్రీపై.లోకల్ అని పిలవండి.

ఇంటి యజమానికి చెప్పకుండా గది ఆక్రమించడం పరిష్కారమెలా అవుతుంది? కాదనేవారు రండి, వాదించుకుందాం.