సులోచనముల పూత



గడచిన వేసవిలో మాకు బియ్యములోని రాళ్లు సరిగా కనబడలేదు. సూదిలో దారమెక్కించుట కష్టమయ్యెను. రాత్రివేళ వీధిదీపముల చుట్టును తెల్లని పొగ క్రమ్మినట్లు తోచెడిది. శుక్లము వచ్చినది కాబోలునని దిగులుపడి, ఇంటిలో నెవరికిని చెప్పక రెండు మాసములు గడపితిమి. తుదకు నేత్రవైద్యునియొద్దకు పోగా, ఆయన మా కన్నులను పరీక్షించి, పిదప మా సులోచనములను దీపమున కెదురుగా పట్టి చూచి నవ్వెను. కన్నులలో దోషము లేదు. దోషమంతయు అద్దములమీది పూతలో నున్నది. ఇట్టి అవస్థ మీలో మరికొందరికిని కలుగవచ్చునని ఈ మాసము దీనినిగూర్చి వ్రాయుచున్నాము.

పూతలేని గాజు తనపై బడిన వెలుతురులో నూటికి సుమారు 4 పాళ్లు ఒక్కొక్క ముఖమునుండి వెనుకకు మరల్చును. రెండు ముఖములకును కలిసి 8 పాళ్ల వెలుతురు కంటికి చేరకయే పోవును. దీపముల నీడలు అద్దములో నాడుచు చూపున కడ్డుపడును. వెలుగు తరంగపు పొడవులో నాలుగవవంతు మందముగల పొరను అద్దముపై పరచినచో, పొర పైనుండి మరలిన వెలుగును, అడుగునుండి మరలిన వెలుగును ఒకదాని నొకటి అణచుకొనును. 1938వ సంవత్సరమున అమెరికాలో కాథరిన్ బ్లాడ్జెట్ అను విదుషీమణి సబ్బు జాతికి చెందిన పదార్థమును 44 పొరలుగా గాజుపై పరచి, మెరుపులేని గాజును చేసి చూపెను. 1926లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో డాక్టరు పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె వేసిన పూత వ్రేలితో తుడిచిన పోయెడిది. నేటి పూతలు అంతకంటె చాల గట్టివి. అయినను మిక్కిలి పలుచనివే.

వీనిని చెరచునది తరచుగా మన చేతులే. పొడి అద్దమును చీర చెరగుతో తుడిచినపుడు, దానిపైనున్న దుమ్ము ఆకురాయివలె పూతను గీయును. రెండవ శత్రువు వేడి. నేటి అద్దములలో పెక్కు ప్లాస్టిక్కువి. వేడికి ప్లాస్టిక్కు సాగినంతగా పైపూత సాగదు. అందుచే సాలెగూటివంటి సన్నని బీటలు పుట్టును. కావున సులోచనములను పొయ్యి గట్టుమీదను, ఎండలో నిలిపిన కారులోను ఉంచరాదు; వేడినీళ్లతో కడుగరాదు. కిటికీ అద్దములను తుడుచు అమోనియా ద్రవము, వెనిగరు వీనికి తగవు.

శుభ్రపరచు విధమిది. మొదట చల్లని నీటిధారక్రింద పట్టి దుమ్మును పోనిండు. గిన్నెలు కడుగు మృదువైన సబ్బునీరు ఒక్క చుక్క వ్రేళ్లతో రాచి, మరల కడిగి, ఉదికిన మెత్తని నూలుగుడ్డతోగాని మైక్రోఫైబరు గుడ్డతోగాని అద్దుడు.

ఇట్లు కడిగిన పిదప మసక పోయినచో అది జిడ్డు మాత్రమే. పోక, వెలుతురున కెదురుగా పట్టినపుడు బీటలుగాని, మచ్చలుగా లేచిన పొరగాని కానవచ్చినచో పూత చెడినదని తెలియుడు. అపుడు పండ్లపొడి, వంటసోడా మొదలగువానితో రుద్దుదురు. మేమును పండ్లపొడితో రుద్దితిమి! మిగిలిన పూత పోకపోగా, అద్దముపై క్రొత్త గీతలు పడినవి. చెడిన పూతను ఇంటిలో బాగుచేయు ఉపాయము లేదు. వాడిన అద్దములకు మరల పూత వేయుటయు సాధారణముగా సాగదు. చట్రము గట్టిగా నున్నచో దానినే యుంచుకొని అద్దములు మాత్రము మార్పించుకొనవచ్చును. కొన్ని దుకాణములవారు పూతకు కొంతకాలము పూచీ యిత్తురు; కావున రసీదును దాచి, ముందుగా అడిగి చూడుడు.

అద్దములు మార్పించుటకు ముందు కన్నులను పరీక్ష చేయించుకొనుట మరువకుడు. దీపముల చుట్టును పొగవలె కనబడుట శుక్లమువలనను కలుగును. మా విషయమున తప్పు అద్దములది. మీ విషయమున కంటిదే కావచ్చును. ఇంటిల్లిపాది కళ్లద్దములకును వెంటనే డబ్బు తీసి యిచ్చు ఇల్లాలు తన అద్దముల మాట వచ్చునప్పటికి "వచ్చే నెల చూతము" అనును. మేమును అట్లే అని, రెండు మాసములు ఊరక భయపడితిమి. మీరట్లు చేయవలదని మా కోరిక.