పలక చేసినోళ్లకు నల్లచదరం అర్థం కాదా?



ఉద్యోగమొచ్చిన మనవాళ్లెవరైనా ఫ్రేము కట్టిన అబ్‌స్ట్రాక్ట్ ప్రింటొకటి కొని గోడకు తగిలిస్తే రెండు మాటలు పడాలి. ఆధిపత్య కులపు సహోద్యోగి, "ఇదేంటో నీకు అర్థమైందా?" అంటాడు. మన ఉద్యమ సోదరుడు, "అంబేడ్కర్ ఫోటో ఉండాల్సిన గోడకు ఈ రంగులేందన్నా?" అంటాడు. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో కజిమిర్ మాలెవిచ్ ఒక నల్లచదరాన్ని ప్రదర్శించాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే పైమూలన తగిలించాడు. ఆధునిక కళకు అదొక మలుపని పుస్తకాలు చెప్తాయి. నల్లటి తలం, చుట్టూ చట్రం. దీన్ని మార్కాపురానికి ఎవరో వచ్చి పరిచయం చెయ్యాలా? తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఈ నేల రాయే కదా!

1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు మార్కాపురం పలకల పరిశ్రమ తొలి జాబితాలోనే ఉంది. బడికి పోయే పిల్లల పలకల వెనక బడికి పోని పిల్లల చేతులున్నాయి.

మాలెవిచ్ నలుపు కింద మాత్రం ఏముంది? స్వచ్ఛమైన రూపమని వందేళ్లు పొగిడిన ఆ బొమ్మ మీద, నల్లజాతివాళ్లను ఎగతాళి చేసే రాత కనబడిందని 2015లో మాస్కోలోని ట్రెత్యాకోవ్ గ్యాలరీ పరిశోధకులు ప్రకటించారు. అది రాసిందెవరన్నది వేరే చర్చ. ఏ నలుపూ ఉత్త నలుపు కాదు. ఆ సంగతి పట్టే కన్ను మనకెవరూ దానం చెయ్యక్కర్లేదు.

సోదరా, నీకూ ఒక మాట. కళాలోకం మన నుంచి అడిగేది డప్పు, చీపురు, గాయం. ఎప్పుడూ గాయమే చూపించమనే లోకంలో, ఏమీ వివరించని ఒక రంగును ఇష్టపడటం కూడా హక్కే. బాబాసాహెబ్ ముంబై దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నది పుస్తకాలకు చోటు కోసం. మనసుకు కావాల్సింది కొనుక్కోవడాన్ని ఆయన విలాసమనుకోలేదు. ఆయన ఫోటో తియ్యమని ఎవరన్నారు? ఇంటికి నాలుగు గోడలున్నాయి.

కొనేవాళ్లు "ఫైన్ ఆర్ట్" అనే పేరు చూసి డబ్బు కట్టొద్దు. చేత్తో తీసిన ముద్రా, కంప్యూటర్ ప్రింటా అని అడగండి. పరిమిత ప్రతి అంటే, ఎన్నింటిలో ఎన్నోదో చెప్పే 12/100 లాంటి నంబరు, కళాకారుడి సంతకం అంచున ఉన్నాయా చూడండి. బిందువు, బ్రహ్మం అంటూ అమ్మేవాడు చెప్పే కథను షాపులోనే వదిలెయ్యండి.

మన పలకల మీద ఏ పిల్ల సంతకమూ లేదు, నంబరూ లేదు. అది తెలిసినవాళ్ల గోడ మీద నల్లచదరానికి అర్థం పెరుగుతుందే కానీ తగ్గదు.

జై భీమ్.