కూత ఆగిన చోట సంత

ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని రైతుబజారుకు వెళ్లడం విశాఖ వాసులకు పాతికేళ్ల అలవాటు. బోర్డు మీది ధర చూసుకుని నాలుగు వంకాయలూ, రెండు గోంగూర కట్టలూ తెచ్చుకుంటే ఆ పూటకి నిశ్చింత. మరి అలాంటి సంతే ఓ పాత ఫ్యాక్టరీలో జరిగితే? ఒకప్పుడు యంత్రాలు హోరెత్తిన షెడ్డులో ఓ పక్క వేడివేడి తినుబండారాలు, మరో పక్క లక్కబొమ్మలు, నేత బట్టలు... వినడానికి వింతగా ఉన్నా చాలా నగరాల్లో ఇది వారాంతపు ముచ్చటే!

న్యూయార్క్‌లోని చెల్సీ మార్కెట్‌నే తీసుకోండి. అది ఒకప్పటి నేషనల్ బిస్కెట్ కంపెనీ ఫ్యాక్టరీ. 1912లో ఓరియో బిస్కెట్ పుట్టింది అక్కడే. కంపెనీ వెళ్లిపోయాక చాన్నాళ్లకు, 1997లో, ఆ భవనం తిండి దుకాణాల బజారుగా మారింది. 2018లో గూగుల్ సంస్థ దాన్ని ఏకంగా 240 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌దీ ఇలాంటి కథే. అక్కడి ఉడ్‌స్టాక్ అనే కార్మికవాడలో పాత బిస్కెట్ మిల్లులో 2006లో శనివారం సంత మొదలైంది. ఇంట్లో చేసిన రొట్టెలూ జున్నూ, చేత్తో చేసిన వస్తువుల కోసం జనం ఊరి నలుమూలల నుంచీ కదిలొచ్చారు.

పాత గోడల్లో అంత గొప్పేముందీ అంటే... ఉంది. కరెంటు దీపాలు అంతగా లేని రోజుల్లో కట్టిన మిల్లులవి. చాలావాటికి కప్పు రంపపు పళ్లలా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఒక్కో పంటికీ ఓ వైపు అద్దాలు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రమే లోపలికి దిగుతుంది. యంత్రాలకు అడ్డు రాకుండా స్తంభాలు దూరందూరంగా ఉంటాయి. మగ్గానికి పనికొచ్చిన ఆ వెలుతురూ, ఆ జాగా ఇవాళ బొమ్మల దుకాణానికీ అంతే బాగా అమరుతున్నాయి.

ఇదంతా నాణేనికి ఓ వైపు. రెండో వైపు చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, ముంబయి చాలు. 1982 జనవరిలో దత్తా సామంత్ పిలుపుతో రెండున్నర లక్షల మంది దాకా బట్టల మిల్లుల కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడ్డాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ మిల్లుల మీదే బతికాయి. లోయర్ పరేల్‌లోని ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద షాపింగ్ మాల్. మరమగ్గాలు ఆడిన చోట పేరున్న కంపెనీల చొక్కాలు వేలాడుతున్నాయి. వాటిని కొనే స్తోమత ఆ మిల్లులో చెమటోడ్చినవాళ్లలో ఎందరికి ఉంటుంది? ఉడ్‌స్టాక్‌లోనూ అంతే. సందడితో పాటే అద్దెలూ పెరిగాయి. తరాలుగా అక్కడున్న పేద కుటుంబాలు కొన్ని ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. గోడలు మిగిలాయి, మనుషులే మిగల్లేదు.

ఈ గొడవ విశాఖకెందుకూ అనుకోవచ్చు. భీమిలి దారిలో తగరపువలస దాటీదాటకముందే గోస్తనీ నది పక్కన చిట్టివలస ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది జూట్ మిల్లు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఆ మిల్లు కూతే ఊరికి గడియారం. వేల కుటుంబాలకు అదే అన్నం గిన్నె. 2009లో అది మూతపడింది. ఆ తర్వాత బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. తమ సొమ్ము కళ్లజూడకుండానే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు.

చిత్రమేమిటంటే, ఉత్తరాంధ్రలో గోనె సంచికీ గోంగూర పచ్చడికీ చుట్టరికం ఉంది. ఇక్కడి పొలాల్లో పండే గోగు ఆకు కంచంలోకి వస్తే, నార మిల్లుకు వెళ్లేది. ప్లాస్టిక్ సంచి వచ్చి ఆ బంధానికి గండి కొట్టింది. ధాన్యానికి జూట్ సంచులే వాడాలని 1987లో కేంద్రం చట్టం చేసినా చిట్టివలస మాత్రం నిలదొక్కుకోలేదు.

రేపు ఆ స్థలంలో ఏమొస్తుందో తేల్చాల్సింది యజమానులూ ప్రభుత్వమూ. ఒకవేళ సంతే వస్తే మాత్రం సరుకుకు కరువు లేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాడుగుల హల్వా గురించి చెబితేనే నోరూరుతుంది. పొందూరు ఖద్దరు కోసం దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారని తెలిస్తే పట్నం పిల్లలు నోరెళ్లబెడతారు. ఇక యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక సంగతి సరేసరి. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. గింజలూ బెరళ్లూ ఆకుల నుంచి తీసిన రంగులు కాబట్టి పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా బెంగ లేదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమంతా ఏటికొప్పాక బొమ్మలే!

ఇంత పేరొచ్చినా చెయ్యి తిరిగిన పనివాడి ఇంట్లో డబ్బు తిరుగుతోందా అంటే అనుమానమే. అంకుడు కర్ర దొరకడం కష్టమైంది. అచ్చు అలాగే కనిపించే యంత్రం బొమ్మ సగం ధరకే వస్తోంది. మాల్‌లో వెయ్యి రూపాయల బిల్లు మారు మాట్లాడకుండా కట్టేవాళ్లే బొమ్మల దుకాణం ముందు పది రూపాయలకు గీచిగీచి బేరమాడతారు. ఈసారి మధురవాడ శిల్పారామానికి వెళ్లినప్పుడు ఒక్క పని చేసి చూడండి. ధర అడిగేముందు 'ఇది ఎవరు చేశారు?' అని అడగండి. జవాబు చెప్పడానికి చేసినవాడే ఎదురుగా ఉంటే అది సంత. లేకపోతే ఉత్త దుకాణం.

ఫ్యాక్టరీలో పెట్టే సంతకూ అదే గీటురాయి. ఎర్ర ఇటుకలు కనపడేలా గోడ గీకించి, రంగు దీపాలు వేలాడదీయడం డబ్బున్న ఎవరికైనా చేతనవుతుంది. తలుపులు తెరిచిన రోజున తొలి కొట్టు ఎవరి పేరు మీద రాశారన్నదే అసలు సంగతి. జూట్ సంచి కుట్టడం వచ్చిన ఆ మిల్లు కార్మికుడి కూతురిదైతే, ఊరు మళ్లీ ఆ కూత విన్నట్టే.