పాత ట్యాంకు తెచ్చేది సులభం, చూసుకునేది ఎవరు?

ఇది కొంచెం పొడుగు రాత. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ చదవకుండా చెయ్యి జోడించిన బొమ్మ పెట్టి పోవద్దండి.

కొన్ని వారాలుగా మన గుంపులో ఒక మాట నడుస్తోంది. సైన్యం వాడుక మానేసిన ట్యాంకునో, పాత యుద్ధ విమానాన్నో అడిగి తెచ్చి, చింతామణిలో సంఘం స్థలం ముందు గాని, బాగేపల్లి హైవే పక్కన గాని నిలబెట్టాలని. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు ఇచ్చినప్పటి నుంచి మన పిల్లోళ్లకు ఈ ఆశ పుట్టింది. 1963లో చేరిన విమానం, 62 సంవత్సరాల సర్వీసు. మమ్మల్నయితే 60కే ఇంటికి పంపారు.

మేము అంటే సాయంత్రం పూట చిక్కబళ్లాపురంలో ఒక బెంచీ మీద కూర్చునే నలుగురం. ఇద్దరు రైల్వే, ఒకరు బడి మాస్టరు, ఒకరు పటాలంలో చేసి వచ్చినవారు. రాసేది మాత్రం రైల్వే గుమాస్తా. చదువు తమిళ మీడియంలో, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర. మేము నలుగురం మాట్లాడుకుని రాస్తున్నాం.

ముందే చెప్తాం, ఆయుధం కనపడకూడదు అనేవాళ్లం మేము కాదు. గుంపులో ఒక తమ్ముడు "మన ఊరికి ఫిరంగి ఎందుకు, శాంతి కావాలి" అని రాసినాడు. మంచి మాటే. కానీ యుద్ధం వద్దని రాజ్యాంగంలోనే రాసుకున్న జపాన్ కూడా పాత ట్యాంకులను పూర్తిగా కంటికి కనపడకుండా చేయలేదు. వాళ్ల 74 రకం ట్యాంకు దాదాపు యాభై ఏళ్లు చేసి 2024లో సర్వీసు ముగించుకుంది. ఆ దేశంలో సైనిక శిబిరాల్లో, సైన్యం నడిపే ప్రదర్శనశాలల్లో పాత ట్యాంకులు నిలబెట్టి ఉంటాయి. వాటిని తుడిచి, రంగు వేసి చూసుకునే మనుషులు ఆ శిబిరంలోనే ఉంటారు. అన్నీ బొమ్మలుగా పెట్టుకోలేదు వాళ్లు. 2023లో తమ సైన్యం వాహనాలు సుమారు వంద ఉక్రెయిన్‌కు ఇస్తామన్నారు. పాతది ఏం చేయాలన్నది ఒక్కొక్క వస్తువుకూ వేరేగా తీర్పు చెప్పుకోవాల్సిన పని.

రైల్వేలో ఉన్నప్పుడు ఒక పద్ధతి చూశాం. బోగీ అయినా, బల్ల అయినా కండెమ్ చేస్తే దానికి ఒక కాగితం, ఒక నంబరు, ఒకరి సంతకం ఉండాలి. సంతకం పెట్టినవాడు బదిలీ మీద పోతే, తరువాత వచ్చినవాడు "నాకు అప్పగించిన జాబితాలో ఇది లేదు" అంటాడు. అప్పటి నుంచి ఆ వస్తువుకు దిక్కుండదు. పాత ఆవిరి ఇంజన్లను అరుగు కట్టి నిలబెట్టిన చోట్లు మీరూ చూసే ఉంటారు. ఎవరో ఒకరి పేరు మీద బాధ్యత ఉన్న ఇంజను నల్లగా మెరుస్తూ ఉంటుంది. లేనిదాని మీద గడ్డి మొలిచి, ఇత్తడి సామాను ఒక్కొక్కటే మాయమై పోయుంటుంది.

ట్యాంకు సంగతికి వద్దాం. ఆవడిలో తయారైన మన విజయంత ట్యాంకు సుమారు 40 టన్నులు. 1965 నుంచి అక్కడ రెండు వేలకు పైగా చేశారు. అరక్కోణం దారిలో పని చేసిన రోజుల్లో చదును బండ్ల మీద టార్పాలిన్ కప్పుకుని పోయే ట్యాంకులను ఎన్నోసార్లు చూశాం. అది మన ఊరికి రావాలంటే పెద్ద ట్రైలర్ కావాలి, క్రేన్ కావాలి, కింద గట్టి కాంక్రీటు పునాది కావాలి. సైన్యం వస్తువు ఇస్తుంది, సరే. తెచ్చుకునే ఖర్చు, పెట్టుకునే ఖర్చు, చూసుకునే ఖర్చు అడిగినవాళ్లదే. పైన మూతలు సరిగ్గా మూసి వెల్డింగ్ చేయకపోతే వాన నీళ్లు లోపల నిలుస్తాయి, లేదా ఒక పిల్లవాడు లోపలికి దిగి ఇరుక్కుంటాడు. విమానమైతే గాలి పీల్చే నోట్లో పావురాలు కాపురం పెడతాయి. మన ఎండకు టైర్లు పగుళ్లు ఇస్తాయి. ఇవన్నీ రెండో సంవత్సరం కథలు. మొదటి సంవత్సరం మాత్రం పూలమాల, రిబ్బను, ఫోటోలు.

పెద్ద ఓడకే ఈ గతి పట్టింది. 1961లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విక్రాంత్ 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో ఏం చేసిందో మా తరానికి చెప్పక్కర్లేదు. 1997లో రిటైరయింది. ముంబైలో మ్యూజియంగా పెట్టారు, 2012లో లోపలికి పోయేది ప్రమాదమని మూసేశారు. 2014లో సుమారు 60 కోట్లకు తుక్కు కింద అమ్ముడుపోయింది. దాని ఇనుము కొంత కలిపి ఒక మోటార్ సైకిల్ కూడా చేశారు. తరువాత విరాట్‌ను విశాఖపట్నానికి తెచ్చి మ్యూజియం చేస్తామని ఆంధ్ర ప్రభుత్వం అన్నది, అదీ జరగలేదు. 2020లో అలంగ్ రేవుకు పోయింది, పగలగొట్టడానికి. ప్రభుత్వాలకే సాధ్యం కానిది మన చందా పుస్తకంతో అవుతుందా? చందా పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో కోశాధికారి అన్నకు బాగా తెలుసు.

అట్లని ఎక్కడా బాగుపడలేదు అనలేం. అదే విశాఖలో రామకృష్ణ బీచ్ మీద కురుసుర ఉంది. 1969 డిసెంబర్‌లో చేరిన జలాంతర్గామి, 2001 ఫిబ్రవరిలో సేవ ముగించింది. సముద్రంలో నుంచి ఇసుక మీదికి లాగి, గట్టు కట్టి, 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. పొడవు 91 మీటర్లు, అంటే మన రైలు బోగీలు నాలుగు వరుసగా పెట్టినంత. అందులో 70 మందికి పైగా మనుషులు. ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు వంగి, కాలు ఎత్తి దాటాలి. మా ఎత్తు మనిషికి తల తగలకుండా బయటికి వచ్చేది కష్టం. కానీ అది ఇన్నేళ్లు నిలిచింది ఇనుము గట్టిదని కాదు. లోపల చూపించి చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఈ మంచం మీద ముగ్గురు వంతుల వారీగా పడుకునేవాళ్లం, నీళ్లు ఇంతే ఇచ్చేవాళ్లు అని, చేసినవాడి నోటితో వింటే పిల్లోడు ఫోను జేబులో పెట్టుకుంటాడు. పైగా టికెట్టు ఉంది, లెక్క ఉంది, జీతం తీసుకునే మనిషి ఉన్నాడు.

దాని ఎదురుగానే టీయూ-142 విమానం. దాని మీద మాకు కొంచెం సొంత అభిమానం, ఎందుకంటే అది అరక్కోణంలోని రాజాళి స్థావరం నుంచి పోయింది. 1988 నుంచి 29 సంవత్సరాలు, ఒక్క ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరింది అని చెప్తారు. 2017 మార్చిలో రిటైరయింది, ఏప్రిల్‌లో తన రెక్కలతోనే విశాఖకు ఎగిరి పోయింది. అక్కడ విప్పి, బీచ్‌కు తెచ్చి, మళ్లీ బిగించారు. అదే ఏడు డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించారు.

ఇంత దూరం ఎందుకు, మన పక్కనే ఉంది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ మ్యూజియం 2001 నుంచి ఉంది. అక్కడ మారుత్ ఉంది. జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ గారి కింద మన ఇంజనీర్లు బెంగళూరులోనే గీసి, చేసి, 1961 జూన్ 17న ఎగరేసిన విమానం. మొత్తం 147 చేశారు. ఆ రోజు నడిపినవారు సురంజన్ దాస్. 1970లో అదే రకం విమానాన్ని పరీక్షిస్తూ చనిపోయారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లోళ్లు సురంజన్ దాస్ రోడ్డులో దినామూ ట్రాఫిక్‌లో నిలబడతారు, ఆయన ఎవరని అడిగితే మాత్రం కార్పొరేటరా అంటారు. కస్తూర్బా రోడ్డు మీద, మన ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారి పేరున్న మ్యూజియంలో కూడా ఒక మారుత్ ఉంది. చిక్కబళ్లాపురం నుంచి పొద్దున బయల్దేరితే రెండూ చూసి రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు.

మాలో పటాలంలో చేసిన పెద్దాయన ఇంకో మాట అన్నారు, అదే మమ్మల్ని బాగా తాకింది. "ట్యాంకు పక్కన సెల్ఫీ తీసుకుంటారప్పా, ట్యాంకులో కూర్చున్నవాడిని ఎవరూ అడగరు" అని. మన మూడు తాలూకాల ఊర్లలో సైన్యంలో చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరు ఏ యూనిట్, ఎక్కడ పనిచేశారు, పెన్షన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయా, భర్త పోయిన అక్కలకు కుటుంబ పెన్షన్ వస్తోందా, ఇవి రాసుకున్న ఒక నోటు పుస్తకం కూడా మన సంఘంలో లేదు. చింతామణి మీదుగా పోయే చిన్న బండి, ఆ నారో గేజ్ లైను, 2013లో బ్రాడ్ గేజ్ అయింది. ఆ చిన్న బండి ఎక్కినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ల మాటలు కూడా ఎవరూ రికార్డు చేయలేదు. 40 టన్నుల ఇనుము అడిగే ముందు ఇది చేయొచ్చు కదా.

కాబట్టి మా అభిప్రాయం. ట్యాంకు ఇప్పుడు అడగవద్దు. అడిగి తీరాలంటే, పదేళ్లకు చూసుకునే డబ్బు విడిగా బ్యాంకులో వేసి, ఇద్దరి పేర్లు తీర్మానంలో రాసి, వాళ్లు సంతకం పెట్టిన తరువాత అడగండి. మేము అడ్డం రాము. మొదటి రంగు డబ్బా మేమే కొనిస్తాం. అంతలో మాజీ సైనికుల పేర్ల పుస్తకం మొదలు పెడదాం, బాగేపల్లి వైపు ఎవరు తిరుగుతారో చెప్పండి. టీవీఎస్ ఉన్నవాళ్లయితే మేలు.

పిల్లోళ్లకు విశాఖ చూపించాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, యలహంక, హిందూపురం మీదుగా పోతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు, అందుకని దసరా సెలవులకు రావాలనుకునేవాళ్లు పేరు, వయసు వచ్చే నెల సభలో ఇవ్వండి. ఫారాలు నింపేది మాకు వదిలేయండి, ముప్పై ఏళ్లు అదే పని చేశాం.