పాత బండికి క్రొత్త బుష్షులు



అమెరికాలో చదువుకొనుచున్న కుమారుని గూర్చి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందున్నది. పిల్లవాడు పాత మాజ్డా మియాటా కారు కొన్నాడు. రెండే సీట్లు, పైకప్పు మడిచి వెనుకకు వేసుకొనే స్పోర్ట్స్ కారు. గుంటలు వస్తే దడదడలాడుతోంది, మలుపులో నిలకడ లేదు. అక్కడి గ్యారేజీవారు చక్రముల దగ్గరి సామానంతా మార్చవలెనని, బండి కొన్న ధరకు దగ్గరగా లెక్క వేసి ఇచ్చారట. ఇక్కడ అర ఎకరము తాకట్టు పెట్టి డబ్బు పంపమంటారా అని ఆ తండ్రి అడిగారు.

తాకట్టు పెట్టవద్దని వెంటనే వ్రాశాము. అయితే ఊరకే వద్దంటే సరిపోదు, పిల్లవాడు రేపు అదే బండిలో పెద్ద రోడ్డు మీద వెళ్ళవలసినవాడు. అందుచేత మా సంఘములో జీపులు, ట్రాక్టర్లు బాగుచేసే సహోదరుని కూర్చోబెట్టుకొని, ఈ బండి వివరములు సంపాదించి, ఇద్దరమూ లెక్క చూశాము. చదువుకొనే వానికి రెండు సీట్ల కారు ఎందుకని మీరడుగుతారు. మేమూ అదే అనుకొన్నాము. కాని కొనడం అయిపోయింది.

ఈ కారు 1989లో వచ్చింది. జపానులోని హిరోషిమాలో తయారైనది. మొదటి తరము బండ్లు 1997 వరకు చేశారు. ఇప్పుడు వాటిలో అన్నిటికంటె చిన్నదానికి కూడా పాతికేళ్ళు దాటాయి. నాలుగు చక్రములకూ పైన ఒక చేయి, క్రింద ఒక చేయి ఉండి చక్రమును పట్టుకొంటాయి. ఆ చేతులు బండి చట్రమునకు తగులుకొనే ప్రతి చోట రబ్బరు బుష్షు ఉంటుంది. ముందు చేతులకు చక్రము వైపు బాల్ జాయింటు, నడుమ స్ప్రింగు, దాని లోపల షాకప్సరు. మన ఎడ్లబండికి ఇరుసు అరిగితే చక్రము ఊగినట్లే, ఇక్కడ బుష్షు చీలినా జాయింటు వదులైనా చక్రము తన ఇష్టము వచ్చిన దిక్కు చూస్తుంది.

గ్యారేజీ లెక్కలో సామాను కంటె కూలి ఎక్కువ కావచ్చు. ఆ దేశములో మనిషి గంట ఖరీదైనది. కనుక మొదటి పొదుపు, ఏది అరిగిందో ముందుగా తెలిసికొనుటయే. దానికి ఖర్చు లేదు. చక్రమును జాకీతో లేపి, స్టాండు పెట్టి, పైనా క్రిందా చేతులు వేసి ఊపవలెను. ఆట ఉంటే బాల్ జాయింటు గాని చక్రము బేరింగు గాని. కుడి ఎడమల పట్టుకొని ఊపినప్పుడు ఆట ఉంటే స్టీరింగు కడ్డీ చివరి జాయింటు. బండి నేల మీద ఉండగా ఒక మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగవలెను. రెండు మూడుసార్లు ఊగితే షాకప్సరు పోయినట్లు. షాకప్సరు ఒంటి మీద నూనె కారి దుమ్ము అంటుకొని ఉన్నా అంతే. టైరు అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగినా అటే అనుమానించాలి.

ఈ బండిలో చాలమంది చూడనిది ఒకటున్నది. షాకప్సరు కడ్డీ మీద పైన మెత్తని దిమ్మ వంటిది ఉంటుంది, బంప్ స్టాపు అంటారు. ఈ కారు నేలకు దగ్గర, చక్రము పైకి క్రిందికి కదిలే దూరము తక్కువ. గనుక ఆ దిమ్మ తరచుగా పనిలోనే ఉంటుంది. ఏళ్ళ మీద అది పొడి పొడియై రాలిపోతుంది. అప్పుడు గుంటలో ఇనుము ఇనుమును కొట్టినట్లు మ్రోగుతుంది. దడదడ అంటే షాకప్సరే పోయిందనుకొంటారు గాని, దిమ్మ వెల స్వల్పము. ముందు దానిని చూడమని ఆ పిల్లవానికి ప్రత్యేకముగా వ్రాశాము.

ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించరాదు అన్నది అసలు మాట. బాల్ జాయింటు, స్టీరింగు కడ్డీ జాయింటు చవక సరుకు కొనరాదు, పాత బండ్ల యార్డు నుండి తేనేరాదు. అవి ఊడితే చక్రము ప్రక్కకు పడిపోతుంది. ముందు చక్రముల క్రింది బాల్ జాయింటు బోల్టులు విప్పితే విడిగా వస్తుంది గనుక చేయి మొత్తమును కొననక్కరలేదు. ఇనుప చేతులు వంగక, తుప్పు తినక ఉంటే పాతవే చాలు. షాకప్సర్లకు ఒక దారి ఉన్నది. 1998 తరువాతి రెండవ తరము బండి షాకప్సర్లు, పై మౌంటులతో కలిపి, ఈ పాత బండికి సరిపోతాయి. గట్టి రకము వేయించుకొన్న షోకు పిల్లలు ఊడదీసిన కంపెనీ సామాను తక్కువలో అమ్ముతారు. నూనె కారనివి, తక్కువ తిరిగినవి చూచి తీసికోవచ్చు. ఏవి మార్చినా కుడి ఎడమలు జతగా మార్చవలెను.

బుష్షుల సంగతి వేరు. సరుకు వెల మాత్రమే చూచి మోసపోరాదు. పాత రబ్బరు బుష్షును బయటికి నొక్కుటకు ప్రెస్సు కావలెను. చేతులను తామే విప్పుకొని లేతు షాపుకు ఇస్తే, అక్కడ నొక్కే పనికి మాత్రమే డబ్బు ఇస్తే సరిపోతుంది. పాలియురేథేన్ బుష్షులను చేతితోనే ఎక్కించవచ్చు, కాని అవి గట్టివి, గ్రీజు సరిగా లేకపోతే కీచుమంటాయి. కాలేజీకి వెళ్ళివచ్చే బండికి రబ్బరే మేలని మా సహోదరుడూ అన్నాడు.

అతడు మరొక మాట చెప్పాడు. క్రొత్త రబ్బరు బుష్షు బోల్టును చక్రము గాలిలో వ్రేలాడుతుండగా బిగించరాదు. ఆ రబ్బరు లోపలి గొట్టమునకు అంటుకొని ఉంటుంది. వ్రేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి క్రిందికి దింపగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ మెలితోనే ఉండి త్వరగా చీలిపోతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రముల మీద పడిన తరువాత బిగించవలెను. ట్రాక్టరు వారికి ఇది క్రొత్తగా అనిపించవచ్చు, ఎందుకంటే మన కింగ్‌పిన్ను బుష్షు తిరిగే రకము.

పనిముట్లు కొనవద్దు. అమెరికాలో కొన్ని పెద్ద విడిభాగముల దుకాణములు డిపాజిట్టు కడితే పనిముట్లు ఇచ్చి, తిరిగి ఇచ్చినప్పుడు డబ్బు వాపసు చేస్తాయి. స్ప్రింగు నొక్కిపట్టే సాధనము కూడా అక్కడ దొరుకుతుంది. అయితే నొక్కిన స్ప్రింగు తుపాకీ గుండు వంటిది. ఆ ఒక్క పని తెలిసినవారి చేత చేయించమని, జాకీ ఒక్కదాని మీదే ఉన్న బండి క్రిందికి ఎన్నడూ దూరవద్దని గట్టిగా వ్రాశాము.

క్రింది చేతుల లోపలి బోల్టులు పక్కకు తిరిగే గుండ్రని మరలు. చక్రము ఏ కోణములో నిలువవలెనో వాటితోనే సరిచేస్తారు. విప్పే ముందు వాటి స్థానమును సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టుకోవాలి. తుప్పు పట్టి గొట్టములో ఇరుక్కుపోవడము ఈ బండికి మామూలే. పనికి రెండు రోజుల ముందు నుండి తుప్పు నూనె పోస్తూ ఉండాలి. పని అంతా అయిన తరువాత అలైన్‌మెంటుకు డబ్బు ఇచ్చి తీరవలెను. అది ఎగవేస్తే క్రొత్త టైర్లు కొనాలి.

ఆ తండ్రికి చివరగా ఒక్కటి వ్రాశాము. చలికాలములో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రములో ఈ బండి ఉంటే, చేతులు తగులుకొనే చోట చట్రము ఇనుము చేత్తో పొడిస్తే లోపలికి పోతుందేమో ముందు చూడమనండి. పోతే ఒక్క బుష్షు కూడా కొనవద్దు. ఆ సంగతి కొనేవానికి దాచకుండా చెప్పి, విడిభాగముల ధరకే అమ్మివేయమనండి.